మస్తాన్‌బీ మేడం పేజీ కోసం చీరాల దాకా

గుంటూరు వెళ్ళొచ్చి పది రోజులైంది. ముక్కు ఇంకా నా మాట వినడం లేదు. పక్కింట్లో పోపు వేసినా నాకు తుమ్ములే. "మిరపకాయల బస్తా మీద పడుకుని వచ్చావా ఏంటి?" అని మా ఆయన ఎగతాళి చేస్తున్నాడు. నాలుగు రోజుల ప్రయాణం. రాజమండ్రి నుంచి గుంటూరు, అక్కణ్ణుంచి పర్చూరు, చీరాల, వాడరేవు. వాడరేవుకి తప్ప మిగతా ఊళ్ళకి చూడ్డానికని పనిగట్టుకుని వెళ్ళేవాళ్ళు ఉండరు. నేనూ చూడ్డానికి వెళ్ళలేదు. ఒక పేజీ నింపడానికి వెళ్ళాను.

సంగతేంటంటే, నేను చదువుకున్న గుంటూరు నర్సింగ్ స్కూలు వాళ్ళు ఒక పుస్తకం వేస్తున్నారు. అక్కడ పాఠాలు చెప్పినవాళ్ళు చేసిన పరిశోధనలు, అందుకున్న డిగ్రీలు, అవార్డులు అన్నీ అందులో ఉంటాయి. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. నాతోపాటు చదివిన సుజాత ఇప్పుడు అక్కడ ప్రిన్సిపాల్. ఒకరోజు ఫోన్ చేసి, "విమలా, అందరి పేజీలూ నిండిపోయాయే. మస్తాన్‌బీ మేడం పేజీ ఒక్కటే ఖాళీ. ఎన్నిసార్లడిగినా 'నేనేం సాధించానమ్మా, వదిలెయ్' అంటున్నారు. ఫంక్షన్‌కి కూడా రానన్నారు. ఆవిడకి నువ్వంటే ఇష్టం కదా, వెళ్ళి రాయించుకురా" అంది.

సరేనన్నాను. ఆ పేజీలో ఉండాల్సిన పరిశోధన ఏమిటో నాకు తెలుసు. అది ఎందుకు ఆగిపోయిందో కూడా తెలుసు. నా వల్లే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు, మేడంకి కూడా. ఈసారి చెప్పేసి రావాలని బట్టలు సర్దుకున్నాను.

బ్రాడీపేట

రైలు దిగి ఆటో ఎక్కి "బ్రాడీపేట" అంటే, డ్రైవరు "ఎన్నో లైనండి? ఎన్నో అడ్డరోడ్డు?" అన్నాడు. ఆ ప్రశ్న విని ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా రాజమండ్రిలో అడ్రసు చెప్పాలంటే ఫలానా డాక్టరుగారి పక్క సందు, ఫలానా మేడ ఎదురుగా అని ఒక కథ చెప్పాలి. ఇక్కడ రెండు అంకెలు చాలు. ఆదివారం సాయంత్రం హాస్టల్ నుంచి రెండు గంటల పర్మిషన్ దొరికితే మేం పరుగెత్తేది ఈ లైన్లలోకే. అప్పుడు పాత పుస్తకాల కొట్లు, టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి. ఇప్పుడు ఎటు చూసినా కోచింగ్ సెంటర్లు, ల్యాబులు, ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. స్కూటర్ల మధ్య నుంచి రోడ్డు దాటడానికి నాకు పావుగంట పట్టింది.

ఒక బండి దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు. ప్లేటు నలభై రూపాయలు. మేం తినే రోజుల్లో రెండు రూపాయలకి కడుపు నిండేది. "ఏ ఊరండి మీది?" అని అడిగాడు. రాజమండ్రి అన్నాను. "అయితే మీకు గింజలు తీసేసినవి వేస్తానుండండి" అన్నాడు జాలిగా. నాకు రోషం వచ్చింది. "పుట్టింది పల్నాడులో, చదివింది మీ ఊళ్ళోనే. గింజలతోనే వెయ్యి" అన్నాను. మొదటి బజ్జీ సగంలోనే కళ్ళల్లోంచి, ముక్కులోంచి ధార. గోదావరి వాళ్ళ బెల్లం పులుసులు ముప్ఫై ఏళ్ళు తిన్న నాలుక, ఏం చేస్తుంది పాపం! బండి అతను మంచినీళ్ళ గ్లాసు ముందుకు తోశాడు.

సుజాత గదిలో పుస్తకం ప్రూఫులు చూశాను. ఒకావిడ బాలింతలు పాలు పట్టే పద్ధతుల మీద పనిచేసింది. ఒకావిడ నర్సుల నడుంనొప్పి మీద. మా జూనియర్ ఒకమ్మాయి డాక్టరేట్ తెచ్చుకుని, విదేశంలో సదస్సుకి వెళ్ళి మాట్లాడి వచ్చింది. ఫొటోలో కోటు వేసుకుని మైకు ముందు నిలబడి ఉంది. చూస్తుంటే ఛాతీ ఉప్పొంగింది. మా రోజుల్లో నర్సు పరిశోధన చేస్తానంటే నవ్వేవాళ్ళు. "ముందు థర్మామీటర్ సరిగ్గా పెట్టండమ్మా" అనేవారు ఒక పెద్ద డాక్టరుగారు. మస్తాన్‌బీ మేడం ఆ మాట విని, "పెడుతున్నాం సార్, అందులో కనపడేది ఎందుకో తెలుసుకుందామనే" అని జవాబిచ్చారు. వార్డు బయట దాక్కుని విన్న మేం పదిమందిమీ ఆ రోజంతా ఆ మాటే చెప్పుకున్నాం.

మేడం తండ్రి పరుపులకి దూది ఏకేవారు. వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగే. నాన్నగారి దగ్గు వింటూ పెరిగానని చెప్పేవారు మేడం. "పని మనిషి ఒంటికి ఏం చేస్తుందో ఆస్పత్రిలో కూర్చుంటే తెలీదు. పని జరిగే చోటికి పోవాలి" అని క్లాసులో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. గంజి పెట్టిన మంగళగిరి తెల్లచీర, భుజానికి పిన్నుతో వేలాడే గడియారం. ఆవిడ వరండాలో నడిచొస్తుంటే మా టోపీలు వాటంతటవే సర్దుకునేవి.

సుజాత చివరి కాగితం నా చేతిలో పెట్టింది. మస్తాన్‌బీ అన్న పేరు, పనిచేసిన కాలం, అంతే. కింద అంతా తెలుపు. "ఏదో ఒకటి రాయించుకురావే. ఇలా అచ్చేస్తే మనకి పరువు తక్కువ" అంది సుజాత. నేను ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

పర్చూరు దారి

మేడం ఉన్న చీరాల వెళ్ళే ముందు, అప్పట్లో మేం పనిచేసిన కల్లం చూడాలనిపించింది. మర్నాడు పొద్దున్నే చిలకలూరిపేట మీదుగా పర్చూరు బస్సు. పత్తి తీతలు అయిపోయాయి. ఎండిన మోళ్ళ మీద అక్కడక్కడా దూది అంటుకుని ఉంది. మిరప చేలల్లో ఆఖరి కోత నడుస్తోంది. కిటికీలోంచి వచ్చే గాలికే ఘాటు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, పేరు సుబ్బారావుగారట, ఫోన్లో ఎవరితోనో మిర్చి రేటు గురించి కేకలేస్తూ మాట్లాడి, పెట్టేసి, నావైపు తిరిగి మామూలు గొంతుతో "ఎక్కడికమ్మా?" అన్నారు. పర్చూరు పక్క ఊరని చెప్పి, "ప్రకాశం జిల్లాలోకి ఎప్పుడొస్తామండీ?" అని అడిగాను.

"ఇంకేం ప్రకాశం? ఇప్పుడు మాది బాపట్ల జిల్లా."

"అలవాటైపోయిందండి."

"మాకు మాత్రం కాలేదా? మా ఇంటిది ఇంకా ఒంగోలు జిల్లా అనే అంటది. దానికి నేను చెప్పినా నమ్మదు" అన్నారాయన. బస్సులో నలుగురు నవ్వారు.

ఆ నవ్వుల మధ్యే నాకు ఆ ఆరు వారాలు గుర్తొచ్చాయి. మూడో సంవత్సరంలో మమ్మల్ని పల్లెటూళ్ళ పనికి పంపారు. పర్చూరులో ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుని పదిమంది ఆడపిల్లలం ఉన్నాం. మిర్చి కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరి తొడిమలు తుంచే ఆడవాళ్ళ చేతులు చూడటమే మేడం పెట్టిన పని. ఒక్కొక్కరికి కొందరు ఆడవాళ్ళు. రోజూ సాయంత్రం పని దిగాక వాళ్ళ చేతులు చూడాలి. మంట ఎంత, వాపు ఉందా, పగుళ్ళున్నాయా, ఇంటికెళ్ళి ఏం రాసుకుంటున్నారు: ఆముదమా, మజ్జిగా, నెయ్యా. అన్నీ గడుల కాగితంలో నింపాలి. ఎవరూ పట్టించుకోని చేతుల గురించి ఢిల్లీలో నర్సుల సదస్సులో చెప్పాలని మేడం కల. టికెట్ కూడా రిజర్వ్ చేయించుకున్నారు.

కల్లాలకి సాయంత్రం ఒకటే బస్సు. చివరి వారంలో ఒకరోజు అది రాలేదు. నేను వెళ్ళలేదు. గడి ఖాళీ వదలడానికి భయమేసి "మామూలుగా ఉంది" అని రాసేశాను. ఏమీ కాలేదు. మర్నాడు బస్సు వచ్చింది, బద్ధకమేసింది. అదీ నింపేశాను. మూడోరోజు సాయంత్రం మరో ఇద్దరితో కలిసి చీరాల వెళ్ళి, అక్కణ్ణుంచి వాడరేవు పోయాను. పల్నాటి పిల్లని, సముద్రం సినిమాలో తప్ప చూడలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళల్లో దిగి ఎగిరాను. రాత్రి ఇంటికొచ్చి, తడి పావడా ఆరేసి, "వాపు లేదు, మంట లేదు" అని రాశాను. మర్నాడే నా కింద ఉన్న ఆడవాళ్ళలో కోటేశ్వరమ్మ అనే ఆవిడని చెయ్యి వాచి, చీము పట్టి, ఆస్పత్రిలో చేర్చారు. బొటనవేలికి గాటు పెట్టి చీము తీశారు. ఢిల్లీ టికెట్ మేడం రద్దు చేసుకున్నారు. సెలవు ఇవ్వలేదని మాతో చెప్పారు. నేను నమ్మలేదు. ఆ ఏడాది ఫస్టు మార్కుల పతకం నా మెడలో వేసింది మేడమే.

కల్లంలో

ఊరి పేరు రాయను. కోటేశ్వరమ్మగారికి ఇబ్బంది కావచ్చు. కల్లం మాత్రం ఊరి బయట ఉన్న ఆ పాత చోటే. కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచారు, అంతే తేడా. ఎర్రగా, ఎత్తుగా రాశులు. మూతికి గుడ్డలు కట్టుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. దగ్గరికెళ్ళి ఒక కాయ తీసుకుని తొడిమ తుంచి చూశాను. రెండు నిమిషాల తర్వాత చెమట పట్టిందని కన్ను తుడుచుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా నర్సింగ్ పిల్లలకి చేతుల శుభ్రత పాఠం చెబుతున్న మనిషిని, చేసిన పని ఇది! కళ్ళు మూసుకుని గంతులేస్తుంటే ఆడవాళ్ళంతా పని ఆపేసి పడీపడీ నవ్వారు. ఒకామె చెంబెడు నీళ్ళు తెచ్చి నా కంట్లో కొట్టింది.

"రుద్దమాకమ్మా, రుద్దమాక. నీళ్ళు కొట్టు. టౌనోళ్ళంతా ఇదే పని" అంది.

కన్ను తెరిచి చూస్తే ఆమే కోటేశ్వరమ్మ. జుట్టు నెరిసింది, పళ్ళు కొన్ని పోయాయి. చెంబు పట్టుకున్న కుడిచేతి బొటనవేలు వంగడం లేదు. కర్రలా నిలువుగా ఉంది. నాకు కంటిమంట మర్చిపోయినంత పనైంది.

గుంటూరు నర్సింగ్ స్కూలు నుంచి వచ్చాననీ, అప్పట్లో తెల్లచీర మేడంతో వచ్చిన పిల్లల్లో ఒకదాన్ననీ చెప్పాను. కోటేశ్వరమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. "చానామంది పిల్లలు వచ్చారులే అప్పుడు" అంది. మేడం ఎట్టా ఉందని అడిగింది. మధ్యాహ్నం చెట్టు నీడన తన టిఫిన్ క్యారియర్ విప్పి నాకూ పెట్టింది. అన్నం, పండుమిరపకాయ పచ్చడి, నేతి చుక్క, పైన గట్టి మజ్జిగ. గోదావరి జిల్లాల్లో అతిథికి ముందు మాటలు వడ్డిస్తారు, తర్వాత అన్నం. ఇక్కడ "తిను, తర్వాత మాట్లాడదాం" అంటారు. ఆమె నాలుగు వేళ్ళతో ముద్ద కలుపుకోవడం చూస్తూ కూర్చున్నాను. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ "పచ్చడి బాగుందండి" అన్నాను.

చెప్పకుండానే బస్సెక్కాను.

చీరాల

చీరాలలో స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. సాయంత్రం నేతపేట వైపు నడిచాను. కొన్ని ఇళ్ళల్లోంచి మరమగ్గాల రొద, కొన్ని ఇళ్ళల్లోంచి చేతిమగ్గం టకటకలు. మేడంకి ఒక చీర తీసుకోవాలనిపించి ఒక వాకిట్లో ఆగాను. మగ్గం మీద ఉన్నాయన పనిలో ఉండగా, వాళ్ళావిడ నాగలక్ష్మిగారు చీరలు తెచ్చి చాప మీద పరిచారు.

"మగ్గం మీద నేసిందో మిషన్‌దో నాకెలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

ఆవిడ అంచు తిప్పి చూపించారు. అంచు పొడుగునా సన్నటి సూది గుచ్చుల్లాంటి గుర్తులు. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా లాగి పట్టే కర్ర చేసే గుర్తులట. "చాలామంది ఇవి చూసి డ్యామేజీ అనుకుని తగ్గించమంటారండి" అన్నారు నవ్వి. తెల్లచీర, సన్నటి పచ్చ అంచు తీసుకున్నాను. బేరం ఆడలేదు. ఆడితే బాగుండేదని లాడ్జికి వచ్చాక అనిపించింది, అది వేరే సంగతి.

మేడం చీరాలలోనే చెల్లెలింట్లో ఉంటున్నారు. మర్నాడు పొద్దున ఆ ఇంటికి వెళితే చెల్లెలుగారు, "అక్క ఇంట్లో ఎక్కడుంటుందండీ? పొద్దున్నే ఆటో ఎక్కి వాడరేవు పోతుంది. ఎండెక్కాక గానీ రాదు" అన్నారు. టీ, ఉప్మా పెట్టకుండా మాత్రం వదల్లేదు.

వాడరేవు

ఆ రోజు మామూలు పనిరోజు కాబట్టి విహారానికి వచ్చినవాళ్ళు లేరు. పడవలు ఒడ్డుకి వచ్చి ఉన్నాయి. ఇసుక మీద వలలు పరిచి చేపలు ఎండబెడుతున్నారు. ఆ వాసనలో, ఒక ప్లాస్టిక్ స్టూలు మీద, చత్రీ కింద మస్తాన్‌బీ మేడం కూర్చుని ఉన్నారు. ముందు ఒక ఆడమనిషి అరచెయ్యి చాపి ఉంది. మేడం ఆ చేతిని ఎండకి తిప్పి చూస్తున్నారు. ఒళ్ళో నోటుబుక్కు.

"ఏమే, లావయ్యావు" అన్నారు నన్ను చూసి. ముప్ఫై ఏళ్ళ తర్వాత మొదటి మాట అది. నాకు ఏడుపొచ్చింది.

చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ చేతులు ఉప్పుకి, ముళ్ళకి ఏమవుతున్నాయో రాసుకుంటున్నారట. ఎవరూ అడగలేదు. ఎక్కడికీ పంపడానికి కాదు. ఎవరి చెయ్యి బాగోకపోతే వాళ్ళని అప్పుడే ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళతారు. నోటుబుక్కు చూశాను. అక్కడక్కడా ఖాళీ గడులు. పక్కన చిన్న అక్షరాల్లో "ఈ రోజు రాలేదు, జ్వరం", "నేను రాలేదు, మోకాలు నొప్పి" అని. మా తర్వాత బ్యాచి నుంచి మేడం పెట్టిన నియమం అది. ఖాళీ వదిలి కారణం రాస్తే పూర్తి మార్కులు. నేను కూడా రాజమండ్రిలో నా పిల్లలకి అదే చెబుతాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెబుతాను గానీ, ఎందుకు పుట్టిందో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక పాకలో చేపల పులుసు, వేడి అన్నం పెట్టించారు మేడం. రెండు ముద్దలు తిన్నాక ఇక ఉండలేకపోయాను. "మేడం, మిర్చి చేతుల కాగితాల్లో నావి చివరి మూడు సాయంత్రాలూ అబద్ధం" అన్నాను ఒక్క గుక్కలో.

"తెలుసు" అన్నారు మేడం, ముల్లు తీసుకుంటూ.

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే. కల్లంలో రాసిన కాగితం మీద ఎర్రటి వేలిముద్ర పడకుండా ఉంటుందా? నీ మూడూ మల్లెపువ్వుల్లా ఉన్నాయి."

"మరి నన్ను అడగలేదేం మేడం? పతకం కూడా వేశారు."

"అడగడానికి నాకు ముఖం చెల్లలేదే." మేడం చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "అంతకు వారం ముందు సుజాత రెండు గడులు ఖాళీ వదిలింది. బస్సు రాలేదు మేడం అని నిజం చెప్పింది. నేనేం చేశాను? మీ అందరి ముందూ నిలబెట్టి, నడిచి వెళ్ళడానికి కాళ్ళు లేవా, నువ్వు నర్సువి అవుతావా అని తిట్టాను. ఏడ్చింది ఆ పిల్ల. ఆ తర్వాత మీరెవరూ ఒక్క గడి ఖాళీ వదల్లేదు. నీవి మూడు తెల్ల కాగితాలు. ఇంకొకళ్ళవి నాలుగు. పేర్లడక్కు. అబద్ధం నేర్పింది నేనైతే, దాన్ని ఢిల్లీ ఎట్లా తీసుకుపోతాను?"

ఆ రోజు సుజాత ఏడవడం నాకు బాగా గుర్తుంది. నేను గడి నింపింది ఆ భయంతోనే. కానీ ఆ సంగతి మేడం కూడా ఇన్నేళ్ళూ మోస్తున్నారని నాకు తట్టలేదు. ఫంక్షన్‌కి ఎందుకు రానంటున్నారో అప్పుడు అర్థమైంది. "ఆ పిల్ల చేత శాలువా కప్పించుకుని కూర్చోమంటావా?" అన్నారు.

నేను కళ్ళు తుడుచుకున్నాను. గుండె మీద బరువు దిగినట్టే అనిపించింది. అప్పుడు మేడం అడిగారు: "కోటేశ్వరమ్మకి చెప్పావా?"

"లేదు మేడం. మొన్న... నిన్న కలిశాను. చెప్పలేకపోయాను."

"ముప్ఫై ఏళ్ళూ నా కాగితాల గురించి బాధపడ్డావు కదా. చెయ్యి ఎవరిదే?"

నేను లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చాను.

మేడం గొంతు మెత్తగా చేసి, "నేను గుంటూరు వస్తాలే. అందరి ముందూ తిట్టాను, అందరి ముందే చెప్పుకుంటాను సుజాతకి. నువ్వు రేపు కల్లానికి పో. నేను తోడు రాను. నేనొస్తే నాతో మాట్లాడతారు, నువ్వు తప్పించుకుంటావు" అన్నారు. సుజాత ఇచ్చిన కాగితం తీసి ముందు పెట్టాను. మేడం చెబుతుంటే రాశాను. మిర్చి కల్లాల్లో పనిచేసే స్త్రీల చేతుల పరిశీలన. పూర్తి కాలేదు. కారణం: పరిశీలన చేసినవారు కొన్ని రోజులు వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాశారు, ఖాళీ వదిలినవారిని ఉపాధ్యాయిని శిక్షించింది. పరిశీలన చేసినవారు అన్నచోట నా పేరు వేస్తానన్నాను. "నీ ఇష్టం" అన్నారు.

చీర ఇచ్చాను. అంచు తిప్పి చూసి, "మగ్గం నేతే" అన్నారు.

మళ్ళీ కల్లంలో

నాలుగో రోజు చీరాల నుంచి మొదటి బస్సు పట్టుకున్నాను. నేను వెళ్ళేసరికి కోటేశ్వరమ్మ ఇంకా పనిలోకి దిగలేదు, తలకి గుడ్డ చుట్టుకుంటోంది. ఈసారి పచ్చడి జోలికి పోకుండా, నిలబడే చెప్పేశాను. మీ చెయ్యి చూడాల్సిన పిల్లని నేనే, మూడు సాయంత్రాలు రాలేదు, వచ్చి చూసినట్టు రాశాను అని.

"నాకు తెలవదా?" అంది కోటేశ్వరమ్మ.

నాకు అర్థం కాలేదు. "మేడం చెప్పారా?"

"ఆమె చెప్పేదేంది? నువ్వు రాలేదని నాకు తెలవదా? నిన్ను మొన్నే ఆనవాలు పట్టా. చెప్తావేమోనని చూశా."

ఎంత తెలివితక్కువదాన్ని! ఇన్నేళ్ళూ మేడంకి తెలుసో లేదో, సుజాతకి తెలుసో లేదో అని చచ్చాను. నేను రాలేదన్న సంగతి అందరికంటే ముందు తెలిసిన మనిషి ఈమే అన్నది ఒక్కసారి కూడా నా బుర్రకి తోచలేదు.

కోటేశ్వరమ్మ పట్టా మీద కూర్చుని నన్నూ కూర్చోమంది. "మొదటి రోజుకే వేలు సలుపు మొదలైంది. మా ఆయన పర్చూరు డాక్టరు కాడికి పోదాం పదమన్నాడు. నేనే వద్దన్నా. నర్సమ్మ వచ్చిద్ది గదా, చూపిచ్చి అడుగుదాం అన్నా. చెయ్యి శుభ్రంగా కడుక్కుని బస్సు దిగే కాడ కూర్చున్నా. రాలా. రేపు వచ్చిద్దిలే అన్నా. రెండో రోజు బస్సు వచ్చింది, నువ్వు దిగలా. మూడో రోజు కూడా కూర్చున్నా. మంచిదానివి నువ్వు, రోజూ వచ్చేదానివి, అందుకని" అంది.

కోపంగా అనలేదు. మిరపకాయల సంగతి చెప్పినట్టే చెప్పింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. తప్పు చేశానమ్మా, క్షమించమని అడిగాను. చుట్టూ ఆడవాళ్ళు చూస్తున్నా సిగ్గనిపించలేదు.

"అప్పుడు మాత్రం చానా తిట్టుకున్నాలే నిన్ను. నోటికొచ్చినట్టు" అంది కోటేశ్వరమ్మ. "ఇప్పుడు తిట్టే ఓపిక ఎవరికుంది?" క్షమించానని మాత్రం అనలేదు. నేను మళ్ళీ అడగలేదు. పుస్తకంలో ఏం రాస్తున్నారని అడిగింది. కాగితం తీసి చదివి వినిపించాను. నా పేరు ఉన్నచోట ఆగి, అది నేనే అని చెప్పాను. ఆమె వంగని వేలితో కాగితం మీద ఆ వాక్యం చివర తాకింది.

"నువ్వు రాలేదని రాశావు. నేను కూర్చున్నానని కూడా రాయి" అంది.

బ్యాగులోంచి పెన్ను తీసి, ఆమె చూస్తుండగానే రాశాను: ఆ మూడు సాయంత్రాలూ కోటేశ్వరమ్మ బస్సు దిగే చోట ఎదురు చూసింది.